మోత్కూర్లో గీజరు, హైదరాబాద్‌లో స్విచ్చి

మా కొలీగ్స్‌లో ఈమధ్య ఎవర్ని కదిపినా స్మార్ట్ ప్లగ్గుల గోలే. ఊళ్లో అమ్మానాన్నల గీజరు ఇక్కడ కూర్చుని ఫోన్లోంచి ఆన్ చేయొచ్చట! మోత్కూర్లో మా ఇంటికీ ఒకటి కొందామని వారం రోజులు స్పెసిఫికేషన్లు తిరగేశాను.

దసరాకి 15 లీటర్ల గీజరు పెట్టించాం. అయినా అమ్మ బిల్లు ఎక్కువొస్తదని మళ్లీ హీటర్ రాడ్డే బకెట్లో వేస్తోంది. నీళ్లు కాగాయో లేదో వేలు పెట్టి చూస్తుంది, స్విచ్ కట్టేసిందో లేదో తర్వాతి సంగతి. నా భయమంతా అదే.

నిజానికి 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 55కి వేడెక్కాలంటే రాడ్డయినా గీజరైనా కాస్త అటూఇటూగా అర యూనిట్టే. 2000 వాట్ల గీజరుకి పావుగంట పని. రోజంతా ఆన్‌లో వదిలేస్తేనే దండగ. అంటే కావాల్సింది టైమర్ అన్నమాట, ఇంటర్నెట్ కాదు.

కరెంటు పోయొచ్చాక కొన్ని ప్లగ్గులు ఆఫ్‌లోనే ఉండిపోతాయి, కొన్ని పాత స్థితికొస్తాయి. మోడల్ని బట్టి. ఆ యాప్ కంపెనీ సర్వర్ మూసేస్తే ఏంటో ఎవరూ చెప్పరు. అన్నట్టు, 10 ఆంప్స్ ప్లగ్గు చవగ్గా వస్తుంది కదాని గీజరుకి పెట్టకండి. 2000 వాట్లంటేనే దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది, 16 ఆంప్స్‌దే తీసుకోవాలి.

నాయినకి చెబితే ఒకటే మాటన్నాడు: "నాలుగున్నరకు లేస్త నేను. నీళ్లు కావాల్నంటే నీకు ఫోన్ జేసి లేపాల్నారా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు :)

చివరికి బ్యాటరీ బ్యాకప్ ఉన్న 16 ఆంప్స్ డిజిటల్ టైమర్ తీసుకున్నాను. చేత్తో నొక్కే బటన్ కూడా ఉంది. మిగిలిన డబ్బులు 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీకి పెట్టాను. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే, అంటే మనిషి ఒంట్లోంచి భూమిలోకి పోతుంటే, రెప్పపాటులో లైన్ కట్ చేస్తుంది. ఏ స్మార్ట్ ప్లగ్గయినా ఈ పని చేస్తుందని నేను చదివినంతలో కనపడలేదు.

బోరునీళ్లు కాబట్టి ఎలిమెంటుకి సున్నం పట్టడం ఖాయం, ఏడాదికోసారి విప్పించాలి. మరిగిస్తే నల్గొండ ఫ్లోరైడ్ పోతుందని కొందరంటుంటారు. పోదు, నీళ్లు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి భగీరథ నీళ్లే.

ఆదివారం ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు, ముందు ఎర్తింగ్ చూడమన్నాను. రాడ్డు మాత్రం అమ్మ పారేయనంటోంది. గీజరు ఖరాబైతే ఉంటదట.