పథ్యం లేని మందు

మన పెద్దవాళ్ళ నోట మందు అన్న మాట వొంటరిగా వచ్చేది కాదు. వెంట పథ్యం వుండి తీరవలసిందే. వైద్యుడు పొట్లం చేతికిస్తూనే, వంకాయ మానండి, గోంగూర ముట్టకండి, బీరకాయతో రెండు పూటలు గడపండి అని వల్లించేవాడు. మందుకు కాదు, ఆ పథ్యానికి జడిసే రోగం పారిపోయిందని వేళాకోళం చేసేవారూ వుండేవారు.

ఇప్పటి బరువు తగ్గించే మాత్రల ప్రకటనలు చూడండి. తిండి మానక్కరలేదు, నడవక్కరలేదు, పూటకొక బిళ్ళ చాలునట. జనాన్ని ఆకర్షించేది మందు కాదు. పథ్యం లేదన్న ఆ హామీ.

మా అక్కయ్య కూతురికి మాఘమాసంలో ముహూర్తం పెట్టారు. పిల్ల కాస్త బొద్దుగా వుంటుంది. పెళ్ళివారి తరఫున వచ్చిన ఒకావిడ, "ముహూర్తం నాటికి కొంచెం సన్నబడితే ఫోటోల్లో ఇంకా బాగుంటుంది" అని నవ్వుతూ అని, కాఫీ తాగి వెళ్ళిపోయింది. ఆవిడ ఆ మాట మరిచిపోయే వుంటుంది. పిల్ల మరవలేదు. వారం తిరక్కుండా రెండు సీసాలు ఇంటికి వచ్చాయి. ఒకటి మందుల షాపులో చీటీ లేకుండా కొన్న ఆర్లిస్టాట్. రెండోది ఏవో మూలికలతో చేసినదట, పార్సెల్లో వచ్చింది.

"తమ్ముడూ, చదువుకున్నవాడివి, కాస్త చూసి చెప్పరా" అన్నది అక్కయ్య. నేను చదివినది తెలుగు ఎమ్మే. అయినా చదవడమే వృత్తి గనుక, మొదటి మందుతో వచ్చిన కాగితం మడతలు విప్పి, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను.

ఆర్లిస్టాట్ వొంట్లో పేరుకున్న కొవ్వును కరిగించదు. తిన్న కొవ్వును అరిగించే లైపేజ్ అనే ఎంజైమును పేగుల్లో అడ్డుకుంటుంది. 120 మిల్లీగ్రాముల మోతాదులో వేసుకుంటే, తిన్న నూనెలో, నేతిలో సుమారు 30 శాతం వొంటికి పట్టదు. మరి ఆ నెయ్యి ఎటు పోవాలి? వచ్చిన దారినే ముందుకు సాగుతుంది. విందు భోజనం చేసి ఈ మాత్ర వేసుకున్నవాడికి బట్టలు పాడయ్యే అవస్థ రావచ్చు. పథ్యం లేదనుకున్న మందు, పథ్యం తప్పినవాడిని నలుగురిలో శిక్షిస్తుందన్నమాట! కొవ్వుతోపాటు ఎ, డి, ఇ, కె విటమినులూ కొంత జారిపోతాయి. అరుదుగా కాలేయం బాగా దెబ్బతిన్న సంగతులు కూడా వున్నాయని 2010లో అమెరికాలో హెచ్చరిక చేర్చారు.

ఇంతా చేసి లాభమెంత? తిండి తగ్గించి, ఏడాదిపాటు ఈ మందు వాడినవారు, తిండి తగ్గించి ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవారికన్న సగటున ఎక్కువ తగ్గినది మూడు కిలోలు. మా పెళ్ళికి వున్న గడువు రెండు నెలలు.

నన్ను నిజంగా ఆపిన వాక్యం మరొకటి వున్నది.

"అమ్మాయీ, నువ్వు రోజూ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటావు కదూ?"

"అవును మామయ్యా. అయితే?"

ఆర్లిస్టాట్ ఆ మాత్రను వొంటికి సరిగా పట్టనివ్వకపోవచ్చు. రెంటికీ మధ్య కనీసం 4 గంటలు ఎడం వుండాలి. థైరాయిడ్ మందు పట్టకపోతే బరువు తగ్గడం అటుంచి, పెరిగే అవకాశమే ఎక్కువ. షాపులో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఇక రెండో సీసా. దానిమీద నూటికి నూరుపాళ్ళు సహజం అని వున్నది. ఉమ్మెత్తకాయ కూడా సహజమే! సిబుట్రమిన్ అనే మందు ఆకలిని అణిచేది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతున్నదని తేలి 2010లో యూరపులో, అమెరికాలో అమ్మకం ఆగింది. 2011లో మన దేశం నిషేధించింది. ఆ తరువాత కూడా మూలికల పేరుతో అమ్మే సీసాల్లో అదే మందు చాటుగా కలిసి వున్నట్టు అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో అనేకసార్లు బయటపడింది. ఆర్లిస్టాటు కాగితమైనా తన దోషాలు తానే చెప్పుకున్నది. ఈ సీసాలో ఏమున్నదో చెప్పే కాగితమే లేదు.

రెండు సీసాలూ పక్కన పెట్టించి, పిల్లను డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్ళాము. ఆయన రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ మోతాదు సరిచేసి, అన్నం కొలతా, నడక వేళా రాసి ఇచ్చారు. అంటే పథ్యమే! రెండు నెలల్లో ఫోటోలకు సరిపడా తగ్గుతావని మాత్రం ఆయన మాట ఇవ్వలేదు.

బరువు రోగమైన చోట మందు అవసరం కావచ్చు. అది తేల్చవలసినది వైద్యుడు. కాని ఆడపిల్లలున్న ఇళ్ళలో ఈ సీసాలు చాలావరకు రోగానికి రావు, ఎవరో అన్న మాటకు వస్తాయి. తినే నోటికి ఇన్ని పథ్యాలు చెప్పుకుంటున్నాము. అనే నోటికి కూడా ఒకటి వుంటే బాగుండును.