మనం ఓడిపోయాం

ఏ ఆటైనా సరే, టీవీ ముందుకొచ్చి కూర్చోగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఇందులో మనవాళ్ళెవరు?" స్కోరెంత అని కాదు, రూల్స్ ఏంటని కాదు. ముందు మనవాళ్ళెవరో తేలాలి. అది తేలితే మిగతా ఆట దానంతటదే అర్థమైపోతుంది.

క్రికెట్‌లో ఆ ప్రశ్నకి జవాబు పుట్టుకతోనే వస్తుంది. ఐపీఎల్‌లో అయితే ఊరిని బట్టో, ధోనీని బట్టో, కోహ్లీని బట్టో వస్తుంది. కెనడాలోని ఎడ్మంటన్‌లో, ఐస్ హాకీ విషయంలో నాకు ఆ జవాబు దొరకడానికి మాత్రం ఒక చలికాలం, ఒక ఎండాకాలం పట్టింది. 2024లో ఎడ్మంటన్ ఆయిలర్స్ ఆడిన ప్లేఆఫ్స్ కథ ఇది. కప్పు రాలేదు. ముందే చెప్పేస్తున్నా, సస్పెన్స్ ఏమీ లేదు.

తెలియనివాళ్ళ కోసం ఆట గురించి నాలుగు ముక్కలు. బంతి ఉండదు, పక్ అనే నల్ల రబ్బరు బిళ్ళ ఉంటుంది. కాళ్ళకి స్కేట్లు, కింద మంచు, గోలీతో కలిపి వైపుకి ఆరుగురు. 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. ఒక్కొక్కడు ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి ఆడి బెంచీ మీదకొచ్చి పడతాడు, వాడి చోట్లోకి ఇంకొకడు దూకుతాడు. లీగ్‌లో 32 జట్లు, ఒక్కో జట్టుకి 82 మ్యాచ్‌లు. అవయ్యాక 16 జట్లకి ప్లేఆఫ్స్. అక్కడ నాలుగు రౌండ్లు. ఒక్కో రౌండులో ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్ళు పైకెళ్తారు. అంటే స్టాన్లీ కప్పు కావాలంటే 16 గెలుపులు కావాలి. ఐపీఎల్ ప్లేఆఫ్స్ నాలుగు మ్యాచ్‌ల్లో తేలిపోతాయి. ఇవి ఏప్రిల్‌లో మొదలై జూన్ దాకా సాగుతాయి. రెండు నెలలు ఊరంతటికీ ఒకటే జ్వరం.

ఆయిలర్స్‌కి ఒకప్పుడు పెద్ద చరిత్రే ఉంది. వేన్ గ్రెట్జ్‌కీ ఆడిన జట్టు ఇది. 1984 నుంచి 1990 లోపు ఐదు కప్పులు కొట్టింది. ఆ తర్వాత ఒక్కటీ లేదు. అసలు కెనడా జట్టు ఏదైనా స్టాన్లీ కప్పు గెలిచి 1993 నాటి మాట, అది మాంట్రియల్. మనకి క్రికెట్ ఎలాగో వాళ్ళకి హాకీ అలాగ. అలాంటి దేశంలో నా వయసువాళ్ళెవరూ తమ జట్టు కప్పు ఎత్తడం చూసి ఎరుగరు. తాతల నోట కథలు వినడమే.

2023 నవంబర్‌లో ఆయిలర్స్ పరిస్థితి చూస్తే ఎవరికైనా జాలేసేది. మొదటి 13 మ్యాచ్‌ల్లో గెలిచినవి మూడే. కోచ్‌ని మార్చారు. క్రిస్ నాబ్లాక్ కొత్తగా వచ్చాడు. డిసెంబర్‌లో మొదలుపెట్టి జనవరి చివరికి వరసగా 16 మ్యాచ్‌లు గెలిచేశారు. లీగ్ రికార్డు 17. బయట మైనస్ 40 చలి. కనురెప్పల మీద మంచు పేరుకుంటుంటే బస్సు కోసం నిలబడేవాళ్ళం. ఆ బస్సుల నుదుటి మీద రూటు నంబరుతో పాటు "గో ఆయిలర్స్ గో" అని మెరిసేది. ఆఫీసులో మాట మొదలైతే అదే. అప్పట్లో ఇంటికి ఫోన్ చేసినప్పుడు నేను "వాళ్ళు మళ్ళీ గెలిచారు నాన్నా" అనేవాణ్ణి. వాళ్ళు. అప్పటికి అది వార్త, అంతే.

ఇక్కడో చిన్న భాష సంగతి. ఇంగ్లిష్‌లో "వి వన్" అంటే సరిపోతుంది. తెలుగులో అలా కుదరదు. "మేము గెలిచాం" అంటే ఎదుటివాణ్ణి పక్కన పెట్టినట్టు, పైగా నేనే దిగి ఆడినట్టు. "మనం గెలిచాం" అంటే వింటున్నవాణ్ణి కూడా లోపలికి లాక్కున్నట్టు. ఖమ్మంలో కాఫీ తాగుతున్న మా నాన్నని ఎడ్మంటన్ జట్టులోకి లాగాలా వద్దా అని ఇంగ్లిష్‌వాడికి ఆలోచించే పని లేదు. నాకుంది.

ప్లేఆఫ్స్‌లో లాస్ ఏంజెలెస్‌ని ఐదు మ్యాచ్‌ల్లో, వాంకూవర్‌ని ఏడింట్లో, డల్లాస్‌ని ఆరింట్లో దాటేశారు. ఫైనల్లో ఎదురైంది ఫ్లోరిడా పాంథర్స్. మంచన్నదే పడని చోట మంచు ఆట జట్టు! మొదటి మ్యాచ్ 3-0తో, రెండోది 4-1తో, ఎడ్మంటన్‌లో జరిగిన మూడోది 4-3తో వాళ్ళే గెలిచారు. 0-3. ఇంకొక్కటి ఓడితే కథ కంచికి. ఫైనల్లో 0-3 నుంచి లేచి కప్పు గెలిచిన జట్టు చరిత్రలో ఒక్కటే, 1942లో టొరంటో.

మర్నాడు శుక్రవారం. కార్లకి కట్టిన జెండాలు తీసేస్తారనుకుంటే ఎవరూ తీయలేదు. బస్సుల మీద అక్షరాలూ అలాగే ఉన్నాయి. ఆ రాత్రి ఫోన్లో మా తమ్ముడు "అయిపోయినట్టేగా అన్నయ్యా" అన్నాడు. "లేదురా, మనకింకో మ్యాచ్ ఉంది" అన్నాను. అన్నాక గానీ గమనించలేదు, నోట్లోంచి "మన" వచ్చింది. 16 గెలుపులప్పుడు రాని మాట, మూడు ఓటముల తర్వాత వచ్చింది.

మామూలుగా అయితే ఇది తలకిందులుగా జరుగుతుంది. రాబర్ట్ సియాల్దీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 1976లో అమెరికా యూనివర్సిటీ విద్యార్థుల మీద చేసిన పరిశోధన ఒకటుంది. కాలేజీ ఫుట్‌బాల్ జట్టు గెలిస్తే విద్యార్థులు "మనం" అని చెప్పుకోవడం ఎక్కువట, ఓడితే "వాళ్ళు" అనేస్తారట. దీనికి పరిశోధనే అక్కర్లేదు, మన వాట్సాప్ గ్రూపులు చాలు. 2023 వన్డే వరల్డ్ కప్‌లో ఇండియా వరసగా పది మ్యాచ్‌లు గెలిచినంతకాలం "మనం". నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ఆస్ట్రేలియా చేతిలో ఓడగానే "వీళ్ళింతే".

సరే, నాలుగో మ్యాచ్. ఆయిలర్స్ 8-1తో ఉతికేశారు. ఐదోది 5-3. ఈ రెండిట్లో కానర్ మెక్‌డేవిడ్ గోల్సూ అసిస్టులూ కలిపి నాలుగేసి పాయింట్లు కొట్టాడు. ఫైనల్లో వరస మ్యాచ్‌ల్లో అలా ఇంతకుముందెవరూ చేయలేదు. ఆరో మ్యాచ్ ఇక్కడ శుక్రవారం సాయంత్రం ఆరింటికి, అంటే ఖమ్మంలో శనివారం పొద్దున్న ఐదున్నర. నాన్న లేచి వీడియో కాల్ చేశాడు. ఫోన్ టీవీ వైపు తిప్పి పెట్టాను. ఆయన మొదటి మాట మీకు తెలిసిందే.

"మనవాళ్ళెవర్రా?"

"చొక్కా మీద నూనె బొట్టు ఉన్నవాళ్ళు నాన్నా."

"ఆ బిళ్ళ కనబడట్లేదురా నాకు."

"బిళ్ళని చూడకు, జనాన్ని చూడు. వాళ్ళు లేచారంటే మనది గోల్."

ఆ లెక్కన ఆయన ఐదు గోల్స్ చూశాడు. 5-1. సిరీస్ 3-3. ఫైనల్లో 0-3 నుంచి ఇక్కడిదాకా వచ్చిన జట్టు 1945 తర్వాత ఇదే.

ఒక విచిత్రం చెప్పాలి. 0-3 అయిన రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. 3-3 అయ్యాక మూడు రాత్రులు పట్టలేదు. ఓటమి అలవాటైపోతుంది, దానితో బేరం కుదిరిపోతుంది. ఆశతోనే కష్టం. అది ఇంట్లోకొచ్చి కూర్చుంటే తిండి సహించదు.

జూన్ 24, సోమవారం. అదే రోజు టీ20 వరల్డ్ కప్‌లో ఇండియా-ఆస్ట్రేలియా మ్యాచ్ కూడా. మాకు పొద్దున్న ఎనిమిదిన్నరకి మొదలైంది. రోహిత్ 41 బంతుల్లో 92 బాదాడు. 24 పరుగులతో గెలిచాం. గ్రూపులన్నీ "మనం, మనం" అని మోగిపోయాయి. సాయంత్రం ఆరింటికి ఏడో మ్యాచ్. డౌన్‌టౌన్‌లో పెద్ద తెర ముందు జనంలో నేనొకణ్ణి.

ఫ్లోరిడా వాళ్ళు ముందు కొట్టారు. మూడు నిమిషాలు తిరక్కుండానే యాన్‌మార్క్ సమం చేశాడు. రెండో పీరియడ్‌లో రైన్‌హార్ట్ ఇంకోటి వేశాడు. మూడో పీరియడ్ మొత్తం మనవాళ్ళు బాదుతూనే ఉన్నారు, బాబ్రోవ్‌స్కీ ఆపుతూనే ఉన్నాడు. 2-1. అయిపోయింది. ఫ్లోరిడాకి అదే మొదటి కప్పు.

ప్లేఆఫ్స్ మొత్తంలో బాగా ఆడినవాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ ఓడిన జట్టులోని మెక్‌డేవిడ్‌కే వచ్చింది. ఒకే ప్లేఆఫ్స్‌లో 34 అసిస్టులిచ్చి గ్రెట్జ్‌కీ పేరున ఉన్న 31ని దాటేశాడు మరి. పేరు పిలిచారు. అతను తీసుకోవడానికి మంచు మీదకి రాలేదు. ఎందుకు రాలేదో ఎడ్మంటన్‌లో ఎవరికీ వివరించాల్సిన అవసరం పడలేదు.

జూన్‌లో ఇక్కడ పొద్దు పదింటికి గానీ కుంకదు. మ్యాచ్ అయిపోయేసరికి ఇంకా ఎండ. ఏడవడానికి చీకటైనా లేదు. ముఖానికి నీలం, నారింజ రంగులు పూసుకున్న పెద్దాయన ఒకాయన పక్కనే నిలబడ్డాడు. నా భుజం తట్టి "మంచి సీజన్, కదా" అన్నాడు. నేనెవరో, ఎక్కణ్ణుంచి వచ్చానో అడగలేదు. ఒకే ఇంట్లో కష్టం వస్తే పలకరించుకున్నట్టు పలకరించుకున్నాం.

ఆయిలర్స్ స్టేడియం బయట అభిమానులు గుమిగూడే చోటుకి "మాస్ పిట్" అని పేరు. జోయీ మాస్ గుర్తుగా పెట్టారు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన మనిషి. గ్రెట్జ్‌కీ చొరవతో 1980లలో జట్టులో చేరి, డ్రెస్సింగ్ రూమ్‌లో సామాన్లు సర్దుతూ దశాబ్దాలు పనిచేశాడు. మ్యాచ్‌కి ముందు జాతీయ గీతాన్ని గొంతెత్తి పాడేవాడు. 2020లో పోయాడు. ఒక్క మ్యాచ్ ఆడలేదు, ఒక్క గోల్ వేయలేదు. అయినా జట్టు చరిత్ర చెప్పమంటే ఈ ఊరు గ్రెట్జ్‌కీతో పాటు అతని పేరూ చెబుతుంది. జట్టంటే ఆడేవాళ్ళొక్కళ్ళే కాదని నాకు అక్కడే అర్థమైంది.

ఆ తర్వాత ఐదు రోజులకి ఇండియా టీ20 వరల్డ్ కప్పు గెలిచింది. గంతులేశాం, స్వీట్లు పంచుకున్నాం. ఆ ఆనందం అబద్ధం కాదు. కానీ గెలిచినరోజు "మనం" అనడానికి జేబులోంచి ఏమీ తీయక్కర్లేదు. ఓడినరోజు అనడానికే ఏదో చెల్లించాలి. అలా చెల్లించాక అది మనదవుతుంది, ఇంక ఎవరూ వెనక్కి తీసుకోలేరు. వీసా కాగితం మీద నేనింకా తాత్కాలికమే. ఆ సాయంత్రం ఆ ఎండలో మాత్రం కాదు.

2025లో మళ్ళీ ఫైనల్. మళ్ళీ అదే ఫ్లోరిడా. ఈసారి 4-2. ఏడో మ్యాచ్ దాకా కూడా రానివ్వలేదు. మర్నాడు నాన్న ఫోన్ చేసి "ఏంట్రా, మనవాళ్ళు మళ్ళీ పోగొట్టారట" అన్నాడు.

"పోగొట్టాం నాన్నా. అక్టోబర్‌లో కొత్త సీజన్ మొదలవుతుంది" అన్నాను.