చెకౌట్ చెరిపిన పేరు

మనలో చాలామందికి అన్నం పెట్టేది సాఫ్ట్‌వేరే కదా, ఆ అలవాట్లు ఇంటికొచ్చినా వదలవు. 2012లో మా నాన్నగారు ప్రతి ఆదివారం ఫోన్లో దివిసీమ ఉప్పెన గురించి చెబుతుండేవారు. 1977 నవంబరు 19 నాటి మాట అది. నేను ఇక్కడ న్యూజెర్సీలో కూర్చుని, ఆయన చెప్పిందంతా టైపు చేసి గిట్‌లో పెట్టేవాణ్ణి. గిట్ అంటే ఏ రోజు ఏం మార్చామో గుర్తుంచుకునే చిట్టా లాంటిది. లినస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేశారు.

ఒక రాత్రి ఒక్క ఫైలును పాత రూపానికి తిప్పబోయి, 'గిట్ చెకౌట్' పక్కన ఫైలు పేరుకు బదులు చుక్క పెట్టి ఎంటర్ కొట్టాను. చుక్క అంటే ఈ ఫోల్డరులో ఉన్నవన్నీ అని! మూడు వారాల మాటలు రెప్పపాటులో పోయాయి. వాటినింకా కమిట్ చేయలేదు, అంటే చిట్టాకెక్కించలేదు.

ఆ పై ఆదివారం "మళ్ళీ చెప్పండి నాన్నా" అన్నాను. విసుక్కోకుండా చెప్పారు. కానీ ఆ చీకట్లో తన చెయ్యి పట్టుకుని మేడ మీదికి లాగిన మనిషి పేరు ఈసారి ఆయనకు గుర్తురాలేదు. 2016లో నాన్నగారు వెళ్ళిపోయారు.

ఈమధ్య మా అమ్మాయి కాలేజీలో గిట్ నేర్చుకుంటోంది. చెకౌట్ ఇప్పటికీ ఉంది గానీ, తను వాడదు. ఒక బ్రాంచి నుంచి ఇంకో బ్రాంచికి మారడం, ఫైలును వెనక్కి తిప్పడం, రెండూ ఆ ఒక్క కమాండే చేసేది. 2019 ఆగస్టులో వచ్చిన 2.23 వెర్షన్‌లో ఆ పనులకు 'స్విచ్', 'రిస్టోర్' అని విడివిడిగా కమాండ్లు ఇచ్చారు.

"అప్పుడు రిస్టోర్ ఉండుంటే తాతయ్య కథ పోయేది కాదా నాన్నా?"

"చుక్క పెడితే అదీ చెరిపేస్తుందమ్మా. పేరు చూసి నా చెయ్యి కాస్త ఆగేదేమో, అంతే. కమిట్ చేసినదైతే పొరపాటున పోయినా కొన్నాళ్ళపాటు 'రీఫ్లాగ్'లో వెతుక్కోవచ్చు. చెయ్యనిదాన్ని ఏ కొత్త కమాండూ తెచ్చివ్వదు."

ఏమీ అనలేదు. ఆ ఆదివారం మా అమ్మకు ఫోన్ చేసింది. "నాయనమ్మా, ఉప్పెన రాత్రి నువ్వెక్కడున్నావు?" వింటూనే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసుకుంది. ఫోన్ పెట్టగానే, నేను చెప్పకుండానే కమిట్ చేసింది.