ఒక్క అంకే గదా!

పి.హెచ్. అంటే ఉదజని అయాన్ల గాఢతకు ఋణ సంవర్గమానం. ఈ వాక్యం పరీక్షలో రాసి రెండుకు రెండు మార్కులూ తెచ్చుకున్నవాణ్ణి నేను. దాని అర్థం మాత్రం బోగోలులో మా మామ రొయ్యల గుంట గట్టు మీద తెలిసింది. అదీ ఆలస్యంగా.

ఎండాకాలం సెలవులకు వెళ్ళాను. గుంట నీళ్ళు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటికి మామ సీసాలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, రంగుల అట్టతో పోల్చి చూశాడు.

"పొద్దున ఎనిమిదిన్నర. ఇప్పుడు తొమ్మిదిన్నర. ఏందబ్బయా ఇది? నువ్వు కెమిస్ట్రీ చదివేవాడివి గదా!"

"ఒక్క అంకే గదా మామా, ఏం కాదులే" అన్నాను, పెద్ద శాస్త్రజ్ఞుడిలాగా. మామ నా చదువును నమ్మాడు. మేత ఎప్పటిలాగే వేయించాడు.

నాలుగోనాడు తెల్లవారేసరికి రొయ్యలు గట్టువారకు చేరి సోలిపోతున్నాయి. మధ్యాహ్నానికి చచ్చినవాటిని గంపలకెత్తాం. మామ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

కాలేజీ తెరిచాక మా లెక్చరరుగారికి చెప్పుకున్నాను. "ఆ తేడా ఒకటి కాదోయ్, పది రెట్లు. రెండంకెలైతే వంద రెట్లు" అన్నారాయన. స్వచ్ఛమైన నీటిలో ఉదజని అయాన్లు లీటరుకు 0.0000001 మోల్. ఇన్ని సున్నాలు రాయలేకనే 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ఈ కొలత పెట్టి, దాన్ని 7 అన్నాడు. సున్నాలు దాక్కున్నాయేగాని ఎక్కడికీ పోలేదు!

మిగతాది గుంటలో జరిగింది. పగలు ఎండకు పాచి నీటిలోని బొగ్గుపులుసు వాయువును తినేస్తుంది. ఆమ్లత తగ్గి పి.హెచ్. పైకి పోతుంది. ఎనిమిది దగ్గర అమోనియాలో విషరూపం కొద్దిపాటే. తొమ్మిది దాటితే మూడోవంతు మించుతుంది. మేత ఎక్కువైతే అమోనియా గూడా ఎక్కువే. రాత్రి ఆ పాచే ప్రాణవాయువును పీల్చేస్తుంది. మా రొయ్యల్ని ఏది చంపిందో ఇప్పుడు తేల్చలేను. కాని ఆ ఒక్క అంకె రెండు ప్రమాదాల్నీ ముందే చెప్పింది. విననిది నేను.

ఇప్పుడు మామ రోజుకు రెండుసార్లు కొలిచి కేలండరు మీద రాస్తాడు. అర అంకె మించి తేడా వస్తే మేత తగ్గించి, నీళ్ళు మార్పిస్తాడు. నేను వెళితే సీసా నా చేతికే ఇస్తాడు. పరీక్ష హాల్లో ఎన్నడూ వణకని చెయ్యి అక్కడ వణుకుతుంది.