కట్టుకు ముందటి ఘడియ

తిరుపతి నుండి వడమాలపేట మీదుగా పుత్తూరు పోయే బస్సులో, చేతిని మెడకు వేలాడగట్టుకొన్న ప్రయాణికుడు ఒక్కడైనా కనబడని రోజు అరుదు. అతడెక్కడ దిగుతాడో కండక్టరు అడగనవసరం లేదు. పుత్తూరు సమీపంలోని రాచపాళెం పేరు ఎముకల వైద్యానికి పర్యాయపదమైపోయింది. 1881లో కేశవరాజుగారు ఆ వైద్యానికి శ్రీకారం చుట్టారని చెబుతారు. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డపీలిక – ఈ నాలుగింటితో 'పుత్తూరు కట్టు' తెలుగునాటనేగాక పొరుగు రాష్ట్రాలలోనూ ప్రసిద్ధి పొందింది.

ఆ కట్టు మేలా, ఆస్పత్రిలో వేసే సిమెంటు కట్టు మేలా అన్న వాదానికి నేను దిగబోవడం లేదు. తెలుగు పాఠం చెప్పుకొనే నాకు ఆ అర్హత లేదు. జాతీయ సేవా పథకం శిబిరాలకు విద్యార్థులను తీసుకొని వెళ్లేవాడిగా నన్ను బాధించే విషయం వేరే ఉన్నది. అది కట్టుకు ముందు గడిచే కాలం. మన పెద్దల లెక్కలో ఘడియ అంటే 24 నిమిషాలు. చెడుగుడు బరిలో పిల్లవాడు పడినది మొదలు వాహనం వచ్చేదాకా ఇంచుమించు ఒక ఘడియ పడుతుంది. ఆ ఘడియలో అతని చుట్టూ వైద్యులుండరు. ఉండేది మనమే.

వడమాలపేటలో మా శిబిరం జరిగిన ఏట, ఒక సాయంకాలం చెడుగుడు ఆడుతూ ఒక విద్యార్థి మోచేతిమీద పడ్డాడు. క్షణంలో జనం మూగారు. "కీలు తప్పింది, లాగితే కూర్చుంటుంది" అంటూ ఒకాయన చేయి అందుకోబోయాడు. వేరొకరు నూనె తెమ్మన్నారు, మర్దన చేయడానికి. ఇంకొకరు సోడా త్రాగించమన్నారు. మూడు సలహాలూ ప్రేమతో ఇచ్చినవే, మూడూ హాని చేసేవే. లాగినా, మర్దన చేసినా విరిగిన ఎముక మొన ప్రక్కనున్న రక్తనాళాన్ని, నరాన్ని కోయవచ్చు. శస్త్రచికిత్స అవసరమైతే మత్తు ఇవ్వడానికి కడుపు ఖాళీగా ఉండాలి.

అంతలో సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన గుంపును తోసుకొని వచ్చి, "ఎవ్వరూ తాకవద్దు నాయనా" అన్నారు. చేయి ఏ వంపులో ఉన్నదో ఆ వంపులోనే ఉంచి, మడత పెట్టిన వార్తాపత్రికలను ఆనించి, తువ్వాలతో మెడకు వేలాడదీశారు. ఆ పిమ్మట పిల్లవాని వ్రేలిగోరు నొక్కి వదిలారు. తెల్లబడిన గోరు మరల ఎర్రబడింది. "రక్తం ఆడుతోంది, ఇక పదండి" అన్నారు. దారిలోనూ రెండుమార్లు అలాగే నొక్కి చూచారు. ఎక్స్‌రేలో మోచేతికి పైన ఎముక విరిగినట్లు తేలింది. ఆ విద్యార్థి మరుసటి వేసవి పరీక్షలు కుడిచేతితోనే వ్రాశాడు.

గోరు నొక్కి చూడడం చిన్న పనిగా తోచవచ్చు. రాచపాళెంలో వైద్యం మొదలైందని చెప్పే ఆ 1881లోనే జర్మనీలో రిఖార్డ్ ఫాన్ ఫోల్క్‌మన్ అనే శస్త్రవైద్యుడు, బిగుతు కట్ల వలన రక్తం అందక కండరాలు చచ్చి, వ్రేళ్లు పక్షిగోళ్ల వలె ముడుచుకొనిపోయే వైకల్యాన్ని వర్ణించాడు. రక్తం అందని కండరం ఇంచుమించు ఆరు గంటలు దాటితే తిరిగి కోలుకోదు. కట్టు వేసిన పిదప తగ్గవలసిన నొప్పి పెరుగుతున్నా, వ్రేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, కదలకపోయినా ఆ కట్టును తక్షణం వదులు చేయించాలి. అది ఎంత పేరుపొందిన చేయి వేసినదైనా సరే, ఆస్పత్రి కట్టయినా సరే. అటువంటి వేళ "కొత్తలో అలాగే ఉంటుంది, ఓర్చుకో" అనడం కంటె క్రూరమైన ఓదార్పు మరొకటి లేదు.

ఓర్పును మనం అతిగా కొనియాడుతాము. 1951-52 రంజీ ఫైనల్లో దత్తూ ఫడ్కర్ వేసిన బంతి తగిలి పళ్లు ఊడినా సి.కె.నాయుడుగారు బ్యాటు దించలేదని చెప్పుకొంటారు. ఆ ధీరత్వానికి నమస్కరిస్తాను గాని, మా విద్యార్థులకు ఆదర్శంగా చూపను. తలకు దెబ్బ తగిలి ఒక్క క్షణం తెలివి తప్పిన ఆటగాడు తానెంత బాగున్నానన్నా ఆ దినం మరల బరిలోకి రాకూడదు. వాంతి, మగత, మాట తడబాటు కనిపిస్తే నేరుగా ఆస్పత్రికే. మెడకు దెబ్బ తగిలినట్లు తోచితే లేపి కూర్చోబెట్టనే కూడదు.

నాటు వైద్యానికీ, క్రీడాస్థలంలో చేసే ప్రథమ చికిత్సకూ వైరం లేదు. వేల్సులోని ఆంగ్లసీ ద్వీపంలో తరతరాలుగా ఎముకలు కట్టిన వంశంలో పుట్టిన హ్యూ ఓవెన్ థామస్ వైద్యవిద్య చదివి కాలికి ఒక ఇనుప చట్రం రూపొందించాడు. ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ దానిని మొదటి ప్రపంచయుద్ధంలో ప్రచారంలోనికి తెచ్చాడు. తొడ ఎముక విరిగిన సైనికులను కదలకుండా ఉంచి తరలించడం వలననే మరణాలు ఎంతగానో తగ్గాయి. మా శిబిరంలో పెద్దాయన వార్తాపత్రికలతో చేసినదీ ఆ పనే.

ఎముకలే కాదు, గుండె కూడ బరిలో ఆగవచ్చు. 2021 జూన్‌లో కోపెన్‌హాగన్ ఫుట్‌బాల్ మైదానంలో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ కుప్పకూలినప్పుడు అక్కడే ఛాతీపై అదిమి, విద్యుద్ఘాత యంత్రంతో గుండెను తిరిగి ఆడించారు. ఆయన మళ్లీ ఆటకు వచ్చాడు. మనకు 2005 నుండి 108 వాహనం ఉన్నది. అది వచ్చేదాకా ఛాతీ మధ్య నిమిషానికి నూరుమార్లకు తగ్గకుండా గట్టిగా అదమడం మన విద్యార్థులలో ఎందరికి వచ్చు?

పాలకవర్గం వారికి నా విన్నపం ఒక్కటే. మన కళాశాలలో ప్రథమ చికిత్స పెట్టె ఉన్నది. గుడ్డలు, కత్తెర, బద్దలు అన్నీ ఉన్నవి. కాని దాని తాళంచెవి ఆఫీసు గదిలో ఉంటుంది. ఆటలు మొదలయ్యే వేళకు ఆ గదికి తాళం పడుతుంది. కొత్త పెట్టె కొనవలసిన పని లేదు. ఆ తాళంచెవిని మైదానంలో ఉండే వ్యాయామోపాధ్యాయునికి ఇప్పించండి.