మెడ ఎటు మడిచింది?

మొన్న ఆదివారం తెల్లారేసరికి, రాత్రంతా దంచిన వాన తెరిపిచ్చాక, మా పెరట్లో గిన్నెలు తోమే అరుగు పక్కన ఒక తాబేలు కనిపించింది. చిన్న పళ్ళెమంత ఉంది. మాది పాల్వంచ దగ్గర. ఇంటి వెనకే కుంట. అక్కణ్ణించే వచ్చినట్టుంది.

"అమ్మాయ్, దాన్ని పోనియ్యకు. తాబేలు తనంతట తాను వస్తే లక్ష్మి వచ్చినట్టే. తొట్టిలో ఉంచు" అన్నారు మా అత్తమ్మ. ఆరు నెలలుగా మా వారి దుకాణం సరిగ్గా నడవట్లేదు. ఆవిడ ఆశ తెలుసు కాబట్టి వెంటనే కాదనలేకపోయాను.

ఈలోగా మా చిన్నది ఫోన్ పట్టుకుని వచ్చింది. "అమ్మా, మెడ పక్కకి వంచింది చూడు! ఇది సైడ్ నెక్డ్ తాబేలు!"

ఇద్దరం కూర్చుని చదివాం. తాబేళ్ళలో రెండు పెద్ద తెగలున్నాయి. ఒక తెగ తలని తిన్నగా లోపలికి లాక్కుంటుంది. రెండో తెగ మెడని పక్కకి మడిచి పెంకు అంచు కింద దాచుకుంటుంది, సిగ్గుపడి భుజంలో మొహం దాచుకునే పసిపిల్లలా. ఈ రెండో తెగవి ఇప్పుడు దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా వైపు ఉన్నాయి. మన వాగుల్లో, చెరువుల్లో లేవు. డైనోసార్ల కాలంలో మాత్రం మన దేశంలోనూ ఉండేవి. తమిళనాడులోని కల్లమేడులో దొరికిన అలాంటి ఒక తాబేలు శిలాజానికి 2001లో శాస్త్రవేత్తలు కూర్మడెమిస్ అని పేరు పెట్టారు. మన కూర్మమే! తెలుగు బీఏ చదివిన నాకు అది చూసి ఎంత ముచ్చటేసిందో.

మరి మా పెరట్లోది? కాస్త దూరంగా కూర్చుని కదలకుండా చూశాం. పిల్లి అటుగా రాగానే తల తిన్నగా లోపలికి పోయింది. అటూ ఇటూ చూడ్డానికి మెడ ఏ తాబేలైనా వంచుతుంది. దాక్కునేటప్పుడు ఎటు మడుస్తుందన్నదే గుర్తు. దీని పెంకు మీద తోలులాంటి మెత్తని చర్మం, గొట్టంలాంటి ముక్కు, కాలికి మూడేసి గోళ్ళు. వెనక కాళ్ళు లోపలికి లాక్కోగానే కింద రెండు రెక్కలు తలుపుల్లా మూసుకున్నాయి. ఇది మన చెరువుల్లో ఉండే ఫ్లాప్‌షెల్ తాబేలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం.

అలా బొమ్మలు చూస్తుంటే ఒకచోట నా చెయ్యి ఆగిపోయింది. కళ్ళ వెనక ఎర్రని చార ఉన్న పచ్చ తాబేలు. రెడ్ ఇయర్డ్ స్లైడర్. సొంతూరు అమెరికా.

మా పెద్దాడు ఆరో తరగతిలో ఉన్నప్పుడు పుట్టినరోజుకి అదే కొన్నాం. అప్పుడు రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది. పెరిగి టబ్బులో పట్టకపోయేసరికి, 2020లో బూర్గంపాడు దగ్గర మా పుట్టింటి చెరువులో వదిలేశాను. పసుపు, కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకుని మరీ! పుణ్యం చేశాననుకున్నాను. ప్రపంచంలో కొత్త చోట్లకి చేరి ఎక్కువ హాని చేసే వంద జీవుల జాబితాలో అదీ ఒకటని ఇప్పుడు తెలిసింది. అక్కడి తాబేళ్ళ తిండికీ, ఎండకాచుకునే చోటుకీ పోటీకొస్తుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ చెరువూ నదీ ఒకటైపోయాయి. నేను వదిలింది ఇప్పుడు ఎక్కడుందో!

ఇదంతా అత్తమ్మకి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "మరి లక్ష్మి?" అన్నారు చివరికి, చిన్నగా.

"వచ్చి మనల్ని చూసి వెళ్తోంది అత్తమ్మా. కట్టేస్తే లక్ష్మి ఉంటుందా?"

అటవీశాఖ వాళ్ళకి ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినట్టే వెనక కుంట గట్టున వదిలాం. అత్తమ్మ కూడా మెల్లగా నడుచుకుంటూ వచ్చారు. అది నీళ్ళలోకి జారి కనబడకుండా పోయేదాకా చేతులు జోడించే ఉన్నారు.

మీ ఇంట్లో టబ్బులో ఎర్ర చార తాబేలు ఉంటే ఒక్క మాట. పెంచగలిగినన్నాళ్ళు పెంచండి, లేదంటే అటవీశాఖ వాళ్ళని అడగండి. చెరువులో మాత్రం వదలకండి. నేను చేసిన పుణ్యం చాలు.