పిన్నీసుతో తేలిన నిజం

కారు డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగితే నేను మొదట ఏసీ లైటేమో అనుకున్నాను. నాలుగో రోజు బండి ఫ్లైఓవర్ ఎక్కనని మొరాయించింది. సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ తగిలించి చూసి, "కెటలిటిక్ కన్వర్టర్ ఓవర్‌హీట్ అవుతోంది మేడమ్, మొత్తం మార్చాలి, 85 వేలు" అన్నారు. పొగలోని విషవాయువులను శుద్ధి చేసే డబ్బా అది. లోపల ప్లాటినం, పల్లాడియం పూత ఉంటుందట, అందుకే ఆ ధర. పాప హాస్టల్ ఫీజుకని మేం కూడబెట్టింది 90 వేలు.

రాత్రి భోజనాల దగ్గర ఈ మాట వచ్చింది. మామయ్యగారు ఏదో అనబోయారు. ఆర్టీసీ డిపోలో 31 ఏళ్ళు మెకానిక్‌గా చేసిన మనిషి. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పట్టు తప్పింది, మాట ముద్దగా వస్తుంది. మా ఆయన మధ్యలోనే, "ఇప్పటి బండ్లన్నీ కంప్యూటర్లు నాన్నా, మీ బస్సుల్లా కాదు" అన్నారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, విసుగులో అన్నారు. మామయ్యగారు మజ్జిగన్నం కలుపుకుంటూ ఊరుకున్నారు. ఆ రాత్రి నాకు 85 వేల కంటే ఆ ఊరుకోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు ఆయనకి కాఫీ ఇస్తూ సర్వీస్ సెంటర్ కాగితం కూడా పక్కన పెట్టాను.

"కోడు ఏం రాశారమ్మా?"

పి0428. ఫోన్‌లో వెతికాను. కన్వర్టర్ వేడిని కొలిచే సెన్సర్ నుంచి సిగ్నల్ మరీ ఎక్కువగా వస్తోందని దాని అర్థం. కన్వర్టర్ సరిగా పనిచేయకపోతే వచ్చే కోడు వేరే, పి0420. చదివి వినిపించగానే ఆయన నిటారుగా కూర్చున్నారు. నాకేమో పాప మూడేళ్ళప్పటి సంగతి గుర్తొచ్చింది. థర్మామీటర్ 106 చూపిస్తే నేను ఏడుపు లంకించుకున్నాను, పిల్ల మాత్రం మంచం మీద గెంతుతోంది. పాడైంది థర్మామీటరే.

"రేపు పొద్దున్నే, బండి స్టార్ట్ చెయ్యకముందు చూద్దాం," అన్నారు.

ఎదురింటి అబ్బాయి దగ్గర స్టీరింగ్ కింద గుచ్చే చిన్న స్కానర్ ఉంది, అడిగి తెచ్చాను. ఆరింటికి స్టార్ట్ చెయ్యకుండా తాళం మాత్రం తిప్పాను. ఫోన్‌లో అంకెలు వచ్చాయి. ఇంజిన్ నీళ్ళు 26 డిగ్రీలు, లోపలికి వెళ్ళే గాలి 26. కన్వర్టర్ మాత్రం 900 దాటింది! రాత్రంతా వాకిట్లో నిలబడ్డ బండి, బానెట్ మీద మంచు తడి కూడా ఆరలేదు.

"డబ్బా చల్లగానే ఉంది. చెప్పేవాడే అబద్ధమాడుతున్నాడు," అన్నారు మామయ్యగారు. ఇక తేలాల్సింది ఆ అబద్ధం సెన్సర్‌దా, తీగదా అని.

ఆయన కుర్చీలోంచి చెబుతుంటే సెన్సర్ తీగ సాకెట్ నేనే ఊడదీశాను. అంకె కదల్లేదు. "ఇప్పుడు బండి వైపు సాకెట్‌లో రెండు పిన్నులూ కలుపు." దేంతో కలపాలి? మంగళసూత్రానికి ఉన్న పిన్నీసు తీశాను. ఆయన నవ్వారు, ఎన్నాళ్ళకో. మా బండిలో ఉన్న రకం సెన్సర్‌కి అలా కలిపితే అంకె అట్టడుగుకి పడిపోవాలట. పడితే తీగ బాగున్నట్టు, సెన్సర్ పోయినట్టు. పడకపోతే తీగే తెగినట్టు. పిన్నీసు పెట్టాను. 900 దగ్గరే ఉంది.

తీగ వెంట వేలితో తడుముకుంటూ పోతే వెనక గోడ దగ్గర దొరికింది. ఎలుక కొరికిన ముక్క. వినాయకుడి వాహనం మా వాహనాన్ని భోంచేసింది! కారు పక్కన ఉల్లిపాయల బస్తా పెట్టింది నేనే, ఆ విషయం ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ఆటో ఎలక్ట్రీషియన్ వచ్చి తీగ అతికి, పైన గొట్టం తొడిగి 400 తీసుకున్నాడు. స్కానర్‌తో కోడు చెరిపాక లైటు మళ్ళీ రాలేదు. మీలో ఎవరైనా ఇలా చూడాలంటే బండి పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి, నడిచిన బండిలో ఆ భాగం వందల డిగ్రీల్లో ఉంటుంది. అలాగని లైటుని వదిలెయ్యకండి. మాది బీఎస్ 6 డీజిల్. ఫిల్టర్‌లో చేరిన మసిని బండి సుమారు 600 డిగ్రీల్లో కాల్చుకుంటుంది. వేడి ఎంతుందో తెలియకపోతే ఆ పని ఆపేస్తుంది, మసి పేరుకుంటుంది. అప్పుడు నిజంగానే పెద్ద ఖర్చు.

సాయంత్రం మా ఆయనకి అంతా చెప్పాను, పిన్నీసుతో సహా. ఆయన ఏమీ అనలేదు. బట్టలు మార్చుకుని, కారు తాళాలు పట్టుకుని వరండాలోకి వెళ్ళారు.

"నాన్నా, బ్రేకు తొక్కినప్పుడు ఎడమవైపు కీచుమంటోంది. ఓసారి కూర్చుని వింటారా?"

మామయ్యగారు అప్పటికే చెప్పుల కోసం చూస్తున్నారు.